కొలబద్ద లేని పోలిక

2021 మే 3వ తేదీన, కోవిడ్ రెండవ విజృంభణము ఉధృతముగా ఉన్న రోజులలో, ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు అప్పటి డైరెక్టరు డాక్టర్ రణదీప్ గులేరియా పత్రికలవారితో ఒక పోలిక చెప్పినారు. ఒక్క సి.టి. స్కాను 300 నుండి 400 ఛాతీ ఎక్స్-రేలకు సమానమట. కొద్దిరోజులకే భారతీయ రేడియాలజీ, ఇమేజింగ్ సంఘము దానిని ఖండించినది. ఆ లెక్క 30, 40 ఏండ్ల నాటిదనీ, నేటి అత్యల్ప మోతాదు స్కాను 5, 10 ఎక్స్-రేలకు మించదనీ సంఘము వాదము.

ఈ రెండు అంకెలనూ మొగల్తూరులో కూర్చుని చదివిన మనిషి ఏమనుకోవాలి? ఆ వేసవిలో జ్వరము తగిలిన చాలమంది ఆలోచన, నరసాపురము పోవుదుమా, భీమవరము పోవుదుమా అని స్కాను చుట్టూనే తిరిగినది. “25కి ఎంత?” అన్నది కుశలప్రశ్న అయినది. ఊపిరితిత్తుల స్థితిని తెలుపు ఆ స్కోరు కోసము స్వల్ప లక్షణములవారు కూడ స్కాను తీయించుకొన్నారు. అట్టివారికి దానివలన చికిత్స మారదు, కనుక వద్దు అన్నదే గులేరియా చెప్పదలచినది. ఆ సలహా నూటికి నూరుపాళ్ళు సరియైనది. చిక్కంతా దానికి తొడిగిన పోలికలో ఉన్నది.

కిరణముల మోతాదును శరీరమునకు కలుగగల హానినిబట్టి కొలుచు ప్రమాణము మిల్లీసీవర్టు. ముందువైపున తీసిన ఒక్క ఛాతీ ఎక్స్-రే సుమారు 0.02. ముందు, ప్రక్క తీసిన రెండింటిని ఒకే పరీక్షగా లెక్కించు పట్టికలలో 0.1. మామూలు ఛాతీ సి.టి. సుమారు 7, తక్కువ మోతాదుది 1.5, అత్యల్ప మోతాదుది ఇంకను తక్కువ. ఇక పాఠకుడే భాగహారము చేసి చూచుకొనవచ్చును. 7ను 0.02 చేత భాగించిన 350, 0.1 చేత భాగించిన 70. 1.5ను 0.1 చేత భాగించిన 15. ఒకరు గిద్దతో కొలిచినారు, ఒకరు మానికతో. అంతేకాదు, ఒకరు నిండు బస్తాను కొలువగా, ఒకరు అడుగంటిన బస్తాను కొలిచినారు. రెండంకెలలో ఏదియు పూర్తిగా తప్పనుటకు వీలులేదు. రోగికి మాత్రము రెండును పనికిరావు.

అపాయము లేకపోలేదు. ఎక్స్-కిరణము కణములోని అణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టును, డి.ఎన్.ఎ. పోగు తెగును. కణము దానిని చాలవరకు అతుకు వేసికొనును. అతుకు తప్పుగా పడినచో, ఏండ్లు గడచిన తరువాత కాన్సరునకు అవకాశము. వికిరణ రక్షణ నిపుణుల అంచనా ప్రకారము 10 మిల్లీసీవర్టులవలన పెరుగు ప్రాణాపాయము సుమారు 2,000లో ఒక వంతు. పెద్ద మోతాదులు తగిలినవారినిబట్టి చిన్న మోతాదులకు కట్టిన అంచనా ఇది. ఏ స్కానూ లేకున్నను నేల, గాలి, ఆకాశమునుండి మనిషికి ఏటా ప్రపంచపు సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుచునే ఉన్నవి. పేరుపాలెం ఇసుకపై చల్లగాలికి కూర్చున్నవానికిని ఇది తప్పదు. అనగా మామూలు స్కాను దాదాపు మూడేండ్ల ప్రకృతి వికిరణము. “300 ఎక్స్-రేలు” అన్నప్పుడు కలిగిన దడ ఈ మాటకు కలుగదు. అయితే పిల్లలకు అపాయము పెద్దలకంటె హెచ్చు. స్కాను వెంట స్కాను తీసిన మోతాదులు కూడుచు పోవును.

ఆ దడవలన నష్టపోవువాడు తలకు దెబ్బ తగిలి, స్కాను నిజముగా అవసరమైనప్పుడు వెనుకాడువాడు. సంఘమువారి అంకెవలన నష్టము వేరు. ప్రతి కేంద్రములోను అత్యల్ప మోతాదుతోనే తీయుచున్నారను భ్రమ దానివలన కలుగును. యంత్రము చేయగలిగినది ఒకటి, ఫలానా దినమున ఫలానా రోగికి దానిపై పెట్టిన మోతాదు ఒకటి. ఈ పని నిత్యము చేయువారు ఈ భేదమును విప్పి చెప్పవలసినది. కనుక వారి సమాధానమే ఎక్కువ విమర్శకు పాత్రము.

ఆ మోతాదు రహస్యమేమియు కాదు. నేటి యంత్రములు ప్రతి స్కానుకును డి.ఎల్.పి. అను అంకెను తెరపై చూపును. పెద్దవారి ఛాతీ స్కానైనచో దానిని 0.014 చేత గుణించిన మిల్లీసీవర్టులు వచ్చును: 500 ఉన్న 7, 100 ఉన్న 1.4. ఆ అంకెను రిపోర్టుపై వ్రాసి ఇమ్మని భీమవరములో అడుగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.