సమాజం పెంచిన పిల్లాడు

మొన్న ఆదివారం సాయంత్రం మాదాపూర్ శిల్పారామంలో ఒక కుటుంబ నాటక సమాజం పద్యనాటకం ఆడింది. బాలకృష్ణుడి వేషం వేసిన పిల్లాడికి తొమ్మిదేళ్లు ఉంటాయేమో. నేను ఒక పక్కగా కూర్చోవడంతో తెర వెనక జరిగేది సగం కనబడుతూనే ఉంది. వాడి కిరీటం జారుతుంటే యశోద వేషంలో ఉన్నావిడ పళ్ల మధ్య పట్టుకున్న పిన్నీసు తీసి వెనక గుచ్చింది. చెంపల మీద చెమట ఒత్తి పౌడరు అద్దింది. అదే చేత్తో వీపు తట్టి ముందుకు పంపింది. వాడు వెళ్లి హార్మోనియం వాయించే ఆయన వంక చూశాడు. ఆయన ఒక మెట్టు పట్టి ఉంచాడు. పిల్లాడు సరిగ్గా ఆ శ్రుతిలోనే పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీస్తూ ఒకచోట ఊపిరి చాలకపోతే హార్మోనియం ఆ కాస్తా తను అందుకుని, వాడు తేరుకున్నాక మళ్లీ వాడికి ఇచ్చేసింది.

ఆట అయ్యాక వెళ్లి పలకరిస్తే హార్మోనియం ఆయన చెప్పారు: “వీడికి అమ్మానాన్న లేరండీ. చిన్నప్పట్నుంచీ మా దగ్గరే. మావాడే.” నా పక్కన నిలబడ్డాయన, ఇక్కడే ఏదో ఐటీ కంపెనీలో పనిచేస్తారట, తన కూతురి చెయ్యి పట్టుకుని ఆ మాట విని, “ఇది బాలకార్మికం కిందికి రాదాండీ?” అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది.

ఎందుకు వచ్చిందో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. కళ ఇంట్లో అబ్బుతుంది, వారానికి రెండు గంటల క్లాసులో జరిగేది దానికి అక్షరాభ్యాసం మాత్రమే అని ఎప్పట్నుంచో వాదిస్తున్నాను. అందుకు నేను చూపించే సాక్ష్యం ఎప్పుడూ సురభే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, తోలుబొమ్మలాడించే వనారస వారు బొమ్మల్ని పక్కనబెట్టి తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. అప్పట్నుంచి వాళ్లకు ఇల్లే బడి. ఆ కుటుంబంలో పుట్టిన కమలాబాయి, నాటకం నడుస్తుండగా రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి ఆవిడే. పద్మశ్రీ బాబ్జీ గారు 2022లో కన్నుమూసేదాకా అదే బాటలో నడిచారు. వాళ్ల కాలనీ ఉన్న శేరిలింగంపల్లి ఇక్కడికి ఎంతో దూరం కాదు. మాయాబజార్‌లో లడ్డూలు గాల్లో తేలివచ్చి ఘటోత్కచుడి నోట్లో పడాలంటే, తెర వెనక తీగ లాగే మేనమామకూ ముందు నోరు తెరిచిన మేనల్లుడికీ ఏళ్ల తరబడి కుదిరిన లెక్క ఉండాలి. వనారస, రేకందార్, ఆవేటి, సింధే అని ఇంటిపేర్లు వేరైనా లోకానికి వాళ్లంతా సురభి వాళ్లే. అమ్మానాన్న లేని పిల్లాడికి అంతమంది మనుషులూ ఒక ఇంటిపేరూ దొరికితే అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

అలా అనుకుంటుండగానే ఘంటసాల గుర్తొచ్చారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడుతుంటే పసివాడు వెంకటేశ్వరరావు ఆ తాళానికి చిందులేసేవాడు. ఆ తండ్రీకొడుకులదొక చిన్న బృందం. వాడి చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామ చేరదీశారు. సంగీతం నేర్చుకుందామని ఒకరిద్దరు విద్వాంసుల ఇళ్లలో చేరితే బట్టలుతకడం, ఇంటి చాకిరీ దండిగా దొరికాయి కానీ పాఠం పెద్దగా దొరకలేదు. చివరికి వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం బండెక్కాడు. అక్కడి సంగీత కళాశాలలోనూ నిలదొక్కుకోవడం తేలిక కాలేదు. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి చదువు చెప్పారు. ఆయనదీ కలిగిన ఇల్లు కాదు. పూటకూటికి పిల్లాడు జోలె పట్టుకుని వీధుల వెంట మధుకరానికి వెళ్లేవాడు. తెలుగు నేల ఇవాళ్టికీ వింటున్న గొంతు ఆ జోలెతో నిలబడింది.

నేను ఈ కథ చెప్పినప్పుడల్లా పట్రాయని వారి దగ్గర ముగించేవాణ్ణి. ఈ వారం మాత్రం ఆ ముందు ఇళ్ల దగ్గరే ఆగిపోయాను. వీధిలో పోయేవాడికి ఆ ఇళ్లకూ పట్రాయని వారింటికీ తేడా ఏం కనిపించేది? అన్నిచోట్లా తండ్రి లేని ఒక పిల్లాడు, ఒక గురువు, గురువుగారింటి పనులు. ఒకచోట చాకిరీ, ఇంకోచోట విద్య. ఏది ఏదో తెలిసింది పిల్లాడికొక్కడికే. వాణ్ణి అడిగినవాళ్లు లేరు.

అందుకే బాలకార్మిక చట్టం తీసి చదివాను. 2016 సవరణ ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బడి అయ్యాకా సెలవుల్లోనూ కుటుంబానికి పనిలో సాయం చేయవచ్చు. కుటుంబమంటే ఎవరో కూడా చట్టం చెప్పింది: అమ్మ, నాన్న, తోబుట్టువులు, మేనత్త, మేనమామ, బాబాయి, పెదనాన్న, పిన్ని, పెద్దమ్మ. అంతే. ఘంటసాల మేనమామ అందులోకి వస్తారు, పట్రాయని వారు రారు. ఆదివారం నాటి హార్మోనియం ఆయనా రారు. రక్తసంబంధం ఒక్కటే కుటుంబమా, ఆ నిర్వచనాన్ని వెడల్పు చేయాలి అని రాద్దామనే కూర్చున్నాను.

కానీ వెనిస్ పిల్లలు అడ్డొచ్చారు. అక్కడి పియెటా అనాథాశ్రమంలో 1703 నుంచి స్వరకర్త వివాల్డి వయొలిన్ నేర్పాడు. ఆ ఆడపిల్లల వాద్యబృందం పేరు యూరప్ అంతా మోగింది. ఇంటిపేరు లేని ఆ పిల్లల్ని పేరు పక్కన వాళ్లు వాయించే వాద్యం పేరు చేర్చి పిలిచేవారు. వాళ్లు గోడలో బిగించిన జాలీ వెనక నిలబడి వాయించేవారు. పెళ్లి చేసుకుని బయటికి వెళ్తే జనం ముందు వాయించడం మానుకోవాల్సిందే. సంగీతం వాళ్లకు పేరిచ్చింది, అన్నం పెట్టింది. దారి మాత్రం దాని షరతుల మీదే తెరిచింది.

సొంత పిల్లాడు ఈ రాత్రి వేషం వేయనని మొండికేస్తే అమ్మమ్మ చాటున దాక్కుంటాడు, పిన్ని వెనకేసుకొస్తుంది. అమ్మానాన్న లేనివాడికి పెంచేదీ, నేర్పేదీ, వేషం కట్టించేదీ, డబ్బు లెక్క చూసేదీ ఒకరే. ఆ ఒకరు ఎంత మంచివారైనా, వాడు తన మాట చెప్పుకోవడానికి ఆ గుమ్మం బయట ఇంకో మనిషి ఉండాలి. కాబట్టి చట్టంలో ఆ నిర్వచనం ఇరుగ్గా ఉండటమే మంచిది. ఇలాంటి పిల్లాణ్ణి దగ్గర పెట్టుకున్న సమాజం జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్లాలి, బడిలో వేయాలి. వినోద రంగంలో పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరనే బ్యాంకులో డిపాజిట్ చేయాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. దాన్నీ పాటించాలి. నాటకాలకు డబ్బిచ్చే ప్రభుత్వ శాఖలూ, మన అపార్ట్‌మెంట్ సంఘాలూ చెక్కు రాసే ముందు ఈ మూడూ అడగాలి.

కళ ఇంట్లోనే అబ్బుతుందన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. పెద్దయ్యాక ఆ పిల్లాడు పద్యాలే పాడుకుంటాడో, సైబర్ టవర్స్‌లో ఉద్యోగమే చేసుకుంటాడో తేల్చుకోవాల్సింది వాడే. ఆ రోజుకి వాడి చేతిలో చదువూ, పాస్‌బుక్కూ ఉండేలా చూడటం పెంచినవాళ్ల బాధ్యత. టికెట్టు కొని చప్పట్లు కొట్టినవాళ్లకూ అందులో వాటా ఉంది.