పునరుద్ధరించిన ‘మోమొతారో’: బొమ్మల్లో సింగపూర్ లొంగుబాటు

సింగపూర్‌లో అప్పర్ బుకిట్ తిమా రోడ్డు మీద పాత ఫోర్డ్ కార్ల కర్మాగారం ఒకటుంది. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సేనాని పెర్సివల్ జపాన్ సేనాని యమషితాకు లొంగిపోయినది అక్కడే. ఇప్పుడది మ్యూజియం. ఆ లొంగుబాటు మూడేళ్ళ తరువాత ఒక పిల్లల యానిమేషన్ చిత్రంలో పతాక సన్నివేశానికి మూలమయింది. జపాన్ నౌకాదళం కోసం షోచికు సంస్థ నిర్మించగా, మిత్సుయో సెయో దర్శకత్వం వహించిన ‘మోమొతారో: సముద్రపు దివ్యసైనికులు’ 1945 ఏప్రిల్‌లో విడుదలయింది. 74 నిమిషాల ఈ నలుపు-తెలుపు చిత్రాన్ని జపాన్ తొలి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రంగా పరిగణిస్తారు.

యుద్ధానంతరం నశించిపోయిందనుకున్న ఈ చిత్రపు నెగటివ్ 1980లలో షోచికు గిడ్డంగిలో దొరికింది. డిజిటల్ పునరుద్ధరణ తరువాత 2016లో కాన్ చలనచిత్రోత్సవపు క్లాసిక్స్ విభాగంలో ప్రదర్శితమై, మరుసటి ఏడు అమెరికాలో బ్లూ-రేగా వెలువడింది.

పాత యానిమేషన్ చిత్రాలను శుభ్రపరచడంలో ఒక ప్రమాదం ఉంది. ఫిల్ము రేణువును తొలగించే సాఫ్ట్‌వేర్ చిత్రకారుడి పెన్సిలు గీతనూ మలినంగానే భావించగలదు. 1963 నాటి డిస్నీ చిత్రం ‘ది స్వోర్డ్ ఇన్ ద స్టోన్’ 2013 బ్లూ-రేలో గీతలు అలికినట్టు కనిపించడం తీవ్ర విమర్శకు గురయింది. అందుకే పునరుద్ధరణ మీద చర్చంతా సాధారణంగా గీత చుట్టూ, రేణువు చుట్టూ తిరుగుతుంది. ‘మోమొతారో’ విషయంలో ఆ కొలమానం సరిపోదు. ఇక్కడ బొమ్మ ఎంత తేటపడితే అందులోని అబద్ధం అంత ఆకర్షణీయమవుతుంది.

చిత్రం అందమైనదనడంలో సందేహం లేదు. సెలవు మీద ఇంటికి వచ్చిన సైనికులు కోతి, కుక్క, ఎలుగుబంటి, నెమలిజాతి పక్షి. గాలిలో తేలే డాండెలియన్ గింజలు పారాచూట్లను స్ఫురింపజేస్తాయి. కుర్రవాడిగా ఒసాకాలో ఈ చిత్రం చూసిన ఒసాము తెజుకా దాని భావుకతకు కదిలిపోయాడు. ప్రచార చిత్రానికి బలం ఈ సౌకుమార్యంలోనే ఉంది.

తరువాతి ఘట్టం దక్షిణ సముద్రపు దీవిలో జరుగుతుంది. ఏనుగులూ తక్కిన అడవి జంతువులూ ఉత్సాహంగా చెట్లు తొలగించి, జపాన్ సైన్యానికి స్థావరం కట్టిపెడతాయి. పాట పాడుతూ జపనీస్ అక్షరాలు నేర్చుకుంటాయి. ఆ శ్రమకు కూలి లేదు, ఆకలి లేదు, జ్వరం లేదు. వాస్తవంలో అదే సైన్యం మలయా రబ్బరు తోటలనుంచి కూలీలను సయాం-బర్మా రైలు మార్గానికి తరలించింది. వారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. విశాఖ, గోదావరి ప్రాంతాలనుంచి పొట్టచేతబట్టుకుని మలయా వెళ్ళిన కుటుంబాలవి. 415 కిలోమీటర్ల ఆ మార్గం 1943 అక్టోబరులో పూర్తయ్యేలోగా కలరా, మలేరియా, తిండిలేమి వేలాదిమందిని బలిగొన్నాయి. తెలుగు ప్రేక్షకుడు ఆ పాటను కేవలం ముచ్చటైన పాటగా వినలేకపోవడానికి కారణం ఇదే.

పతాక సన్నివేశంలో తలపై కొమ్మున్న తెల్ల సేనానులు మోమొతారో ఎదుట తడబడుతూ నీళ్ళు నములుతారు. వలసపాలకుల అహంకారం మీద ఆ వ్యంగ్యం ఎవరికైనా నవ్వు తెప్పిస్తుంది. అయితే ఆ బల్ల చుట్టూ ఉన్నవారు ఇద్దరే: పాత యజమాని, కొత్త యజమాని. లొంగుబాటు జరిగిన కొద్ది రోజుల్లోనే సింగపూర్‌లో చీనీయుల ఊచకోత మొదలయింది. ఆ ఊరివారికి ఈ చిత్రంలో చోటే లేదు. చివరికి పిల్లలు నేలమీద గీసిన అమెరికా పటం పైకి దూకే ఆటతో కథ ముగుస్తుంది.

ఇటువంటి చిత్రాన్ని నిషేధించడమో, కత్తిరించడమో పరిష్కారం కాదు. నెగటివ్‌ను కాపాడినవారు చరిత్రకు సాక్ష్యాన్ని కాపాడారు. పునరుద్ధరణ కూడా ప్రశంసనీయమే. కాని గృహవీక్షణకు అందించే డిస్కులో బొమ్మ నాణ్యత ఎంత ముఖ్యమో, దాని పూర్వాపరాలు అంత ముఖ్యం. బ్లూ-రేలో అదనంగా చేర్చినది 1943 నాటి ‘సాలీడు-తులిప్పు’ అనే లఘుచిత్రం. కళాచరిత్ర దృష్టితో అది చక్కని ఎంపికే. దాని పక్కనే రైలు మార్గపు కూలీల కథనానికీ, పెర్సివల్ లొంగిన గది ఛాయాచిత్రానికీ చోటు దొరికి ఉంటే, ప్రేక్షకుడు ఆ జంతువుల పాట విన్నప్పుడు దాన్ని పాడించినదెవరో, పాడినదెవరో కూడా అడిగేవాడు.