బొగ్గుబాయిలోకి పోని అగ్గిపెట్టె

గత ఆదివారం విరుదునగర్‌లో ఒక పెళ్ళి. పెళ్ళికూతురిది కోవిల్‌పట్టి పక్క పల్లె, తరాల కిందట దక్షిణానికి వచ్చి నల్లరేగడిలో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. పెళ్ళికొడుకు తరఫున గోదావరిఖని నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు సింగరేణి బొగ్గుగనుల్లో ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. దీపం వెలిగించమని ఆయన చేతికి అగ్గిపెట్టె ఇచ్చారు. కోవిల్‌పట్టిలో తయారైన పెట్టె. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బావా, గిది జేబుల ఏసుకొని బాయిల దిగితే మా దగ్గర చార్జిషీటే" అన్నారు.

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశిలకు అగ్గిపుల్ల అన్నం పెట్టింది. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1920ల మొదట్లో కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చిన కథ ఈ శీర్షిక పాఠకులకు కొత్త కాదు. ఆ పెట్టెకు బొగ్గుబాయి గేటు దగ్గర ప్రవేశం లేదు. బీడీ, లైటర్, అగ్గిపెట్టె ఏమైనా ఉన్నాయేమోనని కార్మికుణ్ణి తడిమి చూశాకే లోపలికి వదులుతారు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

భోజనాల దగ్గర మాట సేఫ్టీ ల్యాంపు మీదికి మళ్ళింది. 1812 మే 25న ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో జరిగిన పేలుడు 92 మందిని బలి తీసుకుంది. మూడేళ్ళకు, 1815లో, హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగజాలీ చుట్టిన దీపం చేశాడు. మంట వేడిని జాలీ లాగేసుకుంటుంది కాబట్టి లోపలి నిప్పు బయటి గ్యాసును అంటించదు. ఆ దీపమే గ్యాసును కొలుస్తుంది కూడా. గనిలో గ్యాసు పరీక్షించే సర్దారు వత్తి బాగా తగ్గించి, దీపాన్ని కప్పు వైపు మెల్లగా ఎత్తుతాడు, ఎందుకంటే గాలికంటే తేలికైన మీథేన్ కప్పు కిందే చేరుతుంది. చుక్కంత మిగిలిన పసుపు మంట మీద లేత నీలి క్యాప్ లేచిందంటే గ్యాస్ ఉన్నట్టే. క్యాప్ ఎంత ఎత్తుంటే గ్యాస్ అంత ఎక్కువ. ఆ నీలిని పట్టుకోవడానికి కన్ను చీకటికి అలవాటు పడాలి, చెయ్యి వణకకూడదు.

పనిముట్టు కంటే పనివాడి కన్ను మేలని ఈ శీర్షిక ఎన్నోసార్లు వాదించింది. ఆ దీపం కంటే గట్టి సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

పైగా ఈ నేలకు ఆ దీపం బంధువే. రచయిత కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసేవల్ ఈ కోవిల్‌పట్టి దగ్గరిదే. ఆయన కథల్లోని నల్లనేలలో నీళ్ళు లోతున పడతాయి, బావులూ అంత లోతే. ఈ శీర్షిక రాసేవాడి చిన్నతనంలో వేసవి పూడికతీతకు ముందు బావిలోకి మనిషిని దించేవారు కాదు. చేంతాడుకు లాంతరు కట్టి వదిలేవారు. తాడు పట్టుకునేది ఒక్క పెద్దాయనే. మిగతావాళ్ళు గట్టుమీద బోర్లా పడుకుని తొంగి చూసేవారు. సగం దాకా మంట నిలకడగా వెలిగేది. అడుగు దగ్గరపడేకొద్దీ ఎర్రబడి, కుదించుకుపోయి, ఒక్కోసారి టప్పున ఆరిపోయేది. ఆరిందంటే గాలి చెడినట్టు. వేపమండల మోపు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించేవారు, బిందెలతో నీళ్ళు చల్లేవారు, మళ్ళీ లాంతరు దించేవారు. అది నిలిచి వెలిగాకే మనిషి దిగేవాడు, అదీ నడుముకు తాడుతో. పని ఆగిన పూటకు కూడా కూలి ఇచ్చేవారు.

బరువైన కార్బన్ డయాక్సైడ్ బావి అడుగున పేరుకుంటుంది. ఆక్సిజన్ సుమారు 16 శాతానికి దిగితే మంట ఆరుతుంది, మనిషికి ఇంకా కాస్త వ్యవధి ఉంటుంది. లాంతరు ఇచ్చేది ఆ వ్యవధే.

ఇదంతా విని ఓవర్‌మన్ గారు తల అడ్డంగా ఊపారు. "గా లాంతరు మా బాయిల దించితే ఇగ అంతే, బావా. సేఫ్టీ ల్యాంపు సుత సీవోని చెప్పది."

ఆయన మాట నిజం. సింగరేణి బొగ్గుకు తనంతట తాను వేడెక్కి రాజుకునే గుణం ఉంది. బొగ్గు తీసి వదిలేసిన గోఫ్‌లో మిగిలిన పొడి ఆక్సిజన్ పీల్చుకుంటూ లోలోపల వేడెక్కుతుంది. పొగ కనబడక ముందే కార్బన్ మోనాక్సైడ్ (సీవో) పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషిని చంపేంత సీవో ఉన్నచోట కూడా దీపం పెళ్ళిపందిట్లో వెలిగినట్టే వెలుగుతుంది. అందుకే ఒకప్పుడు కానరీ పిట్టల్ని గనుల్లోకి తీసుకెళ్ళారు. బ్రిటన్‌లో వాటికి 1986లో సెలవిచ్చి మీటర్లు తెచ్చారు. 2014 మేలో టర్కీలోని సోమా గనిలో పోయిన 301 మందిలో ఎక్కువమందిని చంపింది ఈ వాయువే. ఏ కన్నూ చూడలేనిదాన్ని పీపీఎంలలో పట్టే యంత్రం ముందు కంటి గొప్ప చెప్పుకోవడం ప్రాణాలతో చెలగాటం.

మరి మీటరు పెడితే పని అయిపోయిందా? మీథేన్ మీటరు లోపల ప్లాటినం తీగచుట్టను పొదిగిన చిన్న పూస ఉంటుంది. దాని మీద గ్యాస్ మండి, తీగ వేడెక్కితే, ఆ వేడి అంకెగా మారుతుంది. సిలికోన్ ఆవిరి తగిలితే పూస మొద్దుబారుతుంది. ఆక్సిజన్ తక్కువైతే గ్యాస్ ఉన్నా అంకె తగ్గించి చూపుతుంది. అందుకే ఎంత గ్యాస్ ఉందో ముందే తెలిసిన సిలిండరుతో దాన్ని తరచూ సరిచూడాలి.

గ్యాస్ ఉందని తెలిసినా పని ఆగని కథ న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ గనిది. 2010 నవంబర్ 19న అక్కడ 29 మంది చనిపోయారు. అంతకు ముందు 48 రోజుల్లో మీథేన్ పేలే స్థాయికి చేరిందని 21 సార్లు రిపోర్టులు వచ్చాయని రాయల్ కమిషన్ తేల్చింది. చెప్పాల్సినవాళ్ళు చెప్పారు, కాగితం మీద రాశారు. బొగ్గు తీయడం ఆగలేదు.

మన నిబంధనల ప్రకారం మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు తీసేసి మనుషుల్ని బయటికి పంపాలి. పని జరిగేచోట ఆ మాట మొదట అనాల్సింది సర్దారూ ఓవర్‌మనూ. గ్యాస్ వల్ల వాళ్ళు ఆపిన షిఫ్టుకు కార్మికులకు పూర్తి మస్టరు (హాజరు) పడాలి. తగ్గిన టన్నుల లెక్క ఆపినవాడి పేరు మీదికి రాకూడదు. కొత్త మీటర్ల టెండరు పిలిచేటప్పుడు ఈ రెండు మాటలూ ఉత్తర్వుగా గేటు దగ్గర నోటీసు బోర్డు మీద ఉండేట్టు గని యాజమాన్యాలూ కార్మిక సంఘాలూ చూడాలి.