పిన్ లగ్గు ఎక్కడ అక్కర

హైదరాబాద్ శివారు జల్‌పల్లిలో స్క్రాప్ గోదాముల నడుమ రేకుల షెడ్లకు వైరింగ్ చేసే కుర్రాళ్ల సంచుల్లో ఈమధ్య మీట కనెక్టర్లు (మీట ఎత్తి వైరు పెట్టి మూసేవి) కనిపిస్తున్నాయి. వైర్లు మెలితిప్పి టేపు చుట్టే జాయింటు స్థానంలోకి అవి రావడం నాకు చాలా సంతోషం. "సార్, వైరుకు పిన్ లగ్గు కొట్టి పెడితే ఇంకా గట్టిగుంటది గదా?" అని ఒకతను అడిగాడు. పని మీద శ్రద్ధ ఉన్నవాడే అలా అడుగుతాడు.

స్క్రూ టెర్మినల్‌కైతే అతను అన్నది నిజం. ఎంసీబీలోనో, మోటారు స్టార్టర్‌లోనో మన మల్టీస్ట్రాండ్ వైరును ఉత్తగా పెట్టి బిగిస్తే పోగులు చెదురుతాయి, కొన్ని తెగుతాయి. కొసకు తొడిగి నొక్కే చిన్న లోహపు గొట్టమే లగ్గు, అది వాటన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. దానికి బదులు కొసకు సోల్డర్ పూసేవాళ్లున్నారు. అది వద్దు. స్క్రూ ఒత్తిడికి సోల్డర్ మెల్లగా జరిగి బిగువు పోతుంది.

మీట కనెక్టర్ సంగతి వేరు. జర్మనీలోని మిండెన్‌లో 1951లో మొదలైన వాగో కంపెనీకి పేరు తెచ్చింది స్క్రూ లేకుండా స్ప్రింగుతో పట్టే పద్ధతే. వాళ్ల 221 రకంలో మామూలు సైజుది 4 చదరపు మిల్లీమీటర్ల దాకా రాగి వైరును, సన్న పోగులదైనా సరే, లగ్గు లేకుండానే పట్టుకుంటుంది. స్ప్రింగు నొక్కుడుకు పోగులు పరుచుకుని లోపలి పట్టీకి ఆనుతాయి. లగ్గు వేస్తే వైరుకూ పట్టీకీ నడుమ ఇంకో జాయింటు చేరుతుంది. సరైన సైజు లగ్గును (1.5కు నలుపు, 2.5కు నీలం) మంచి క్రింపింగ్ టూలుతో నొక్కితే ఇబ్బంది లేదు. కటింగ్ ప్లేయరుతో నొక్కిందే నాకు భయం. లోపల పోగులు వదులుగా ఉన్నా పైకి తెలియదు. పైగా కనెక్టర్ 11 మిల్లీమీటర్ల రాగిని అడుగుతుంటే 8 మిల్లీమీటర్ల లగ్గు పెడితే పట్టు ఎక్కడ దొరుకుతుంది?

వదులు జాయింటు ఏం చేస్తుందో లెక్క చూడండి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. జాయింటులో 0.1 ఓం నిరోధం ఉన్నా చాలు, వేలి కొసంత చోట దాదాపు 7.6 వాట్ల వేడి పుడుతుంది. గీజరు నడిచినంతసేపూ అది ప్లాస్టిక్‌ను కాలుస్తూనే ఉంటుంది. 2025 మేలో గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో 17 మందిని పొట్టన పెట్టుకున్న మంటలకు షార్ట్ సర్క్యూట్ కారణమై ఉంటుందని అధికారులు అప్పుడే చెప్పారు. పాతబస్తీలో వైరు పట్టుకునే ఎవరికైనా ఆ ఇల్లు గుర్తుండాలి.

మీట లేకుండా వైరును నేరుగా గుచ్చే కనెక్టర్లు కూడా దొరుకుతున్నాయి. వాటిలో చాలా రకాలు యూరప్ ఇళ్ల గోడల్లో ఉండే ఒంటి తీగ కోసం చేసినవి. మన పోగుల వైరు వాటిలో దూరదు, వంగిపోతుంది. లగ్గు వేసి గుచ్చవచ్చా అంటే, ఆ మోడల్‌తో కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటేనే, లేకపోతే వద్దు. ట్రూప్ బజార్‌లో కొనేటప్పుడే ఆ కాగితం అడిగి తీసుకో, తమ్మీ. మీట కనెక్టర్‌లోనైతే మీట మూశాక వైరును గట్టిగా లాగి చూడు. ఊడి వస్తే లగ్గు కోసం వెతక్కు, కొస కత్తిరించి మళ్లీ 11 మిల్లీమీటర్లు ఒలిచి పెట్టు.