అదే 1.8 గ్రాములు

ఎఫ్1డి అనే ఇండోర్ మోడల్ విమానాల తరగతి కొలతలన్నీ ఒక పోస్టుకార్డు మీద పట్టేస్తాయి. రెక్క పొడవు 550 మిల్లీమీటర్లు, వెడల్పు 200 దాటకూడదు. తోక రెక్క 450 లోపు. రబ్బరు కాకుండా విమానం కనీసం 1.4 గ్రాములు తూగాలి, రబ్బరు 0.4 గ్రాములు మించకూడదు. గాలి కదలని పెద్ద హాలులోనో, రొమేనియాలోని స్లానిక్ ఉప్పుగనిలోనో, మెలితిప్పిన రబ్బరు విప్పుకుంటూ ఎంతసేపు పైన ఉంటుందన్నదే పోటీ.

2010ల మధ్యలో మారకముందు ఈ బరువులు 1.2, 0.6. రబ్బరులో మూడో వంతు పోయిందని అందరికీ కనిపించింది. రెండూ కూడితే మాత్రం అప్పుడూ 1.8 గ్రాములే, ఇప్పుడూ 1.8 గ్రాములే. చేతిలోంచి వదిలే క్షణాన రెక్క మోయాల్సిన బరువు మారనే లేదు. రబ్బరు నుంచి లాక్కున్న 0.2 గ్రాములను రూల్ విమానం కట్టే బాల్సా చెక్కకు ఇచ్చింది. కనీస బరువు అనే మాటను నేను అందుకే ఖర్చు పెట్టుకోవడానికి ఇచ్చిన సొమ్ముగా చదువుతాను.

ఆ 0.2 గ్రాములు ఎక్కడ పెట్టాలి? తోకలో పెడితే బరువు వెనక్కి జరిగి స్థిరత్వం చెడుతుంది. నేనైతే ముందు రబ్బరును పట్టి ఉంచే మోటార్ స్టిక్‌కే ఇస్తాను. బిగిసిన రబ్బరు లాగుడుకు ఆ కర్ర వంగిందంటే రెక్క కోణం, తోక కోణం మధ్య తేడా మారిపోతుంది, జాగ్రత్తగా పెట్టిన ట్రిమ్ అంతా పోతుంది. మిగిలింది ప్రొపెల్లర్‌కు. వదిలిన కొత్తలో రబ్బరు మెలి బలంగా ఉంటుంది, విమానం కప్పుకేసి దూసుకుపోతుంది. ఆ బలానికి తగ్గట్టు ఆకుల కోణాన్ని పెంచే చిన్న యంత్రాంగం ఉంటే ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతుంది, శక్తి చివరి నిమిషాలకు మిగులుతుంది. రబ్బరు తగ్గించిన రూలే ఆ యంత్రాంగం బరువుకు చోటిచ్చింది.

వెడల్పుకు హద్దు ఎందుకో కూడా ఆలోచించాలి. పొడవును ఒక్కదాన్నే ఆపితే, విస్తీర్ణం కోసం రెక్కను అడ్డంగా పెంచుకుంటూ పోతారు. ఆ దారి మూయడానికే 200.

అమెరికాలోని లిమిటెడ్ పెన్నీప్లేన్ తరగతిలో మరో చిక్కు. అక్కడ రెక్క 18 అంగుళాలు, అదీ పైనుంచి చూస్తే నేలమీద పడే నీడ కొలత. చివర 4 అంగుళాల ముక్కను 30 డిగ్రీలు పైకి ఎత్తితే దాని నీడ మూడున్నర అంగుళాలే. రెండు పక్కలా కలిపి అంగుళం పైన అదనపు రెక్క. ఇది దొడ్డిదారని కొందరంటారు, నేను ఒప్పుకోను. హాలులో గుండ్రంగా తిరిగే విమానం పక్కకు ఒరగకుండా ఉండాలంటే ఆ ఎత్తు ఎలాగూ కావాలి. రూల్ రాసినవాళ్లు నీడను కొలవమన్నారంటే ఆ అవసరాన్ని గుర్తించినట్టే. అదే ముక్కను నిట్టనిలువుగా నిలబెట్టి రెక్క అనడం మాత్రం నాకు నచ్చదు, అది లిఫ్ట్‌కు సాయపడే ఉద్దేశంతో పెట్టింది కాదు.

ఆ తరగతి కనీస బరువు 3.1 గ్రాములు, పాత అమెరికన్ పెన్నీ నాణెం బరువు. 1982లో జింకుకు మారాక నాణెం 2.5 గ్రాములకు తగ్గింది. విమానం తగ్గలేదు. పేరులో పెన్నీ ఉందని ఆ జింకు నాణేన్ని తూకానికి పెట్టుకుని కట్టే కుర్రాడి విమానం తేలిగ్గా వచ్చి, తనిఖీ బల్ల దగ్గరే ఆగిపోతుంది. రూల్ పుస్తకంలో ఉన్నది 3.1 అంకె, నాణెం కాదు. ఎవరైనా మొదటి విమానం మొదలుపెడుతుంటే నేను ముందు ఆ పేజీ తెరిచి చూపిస్తాను, బాల్సా ఆ తర్వాతే.