బాయి గేటు పక్కన సైకిల్ స్టాండు

ఈ వారం కరీంనగర్‌లో ఒక ఆఫీసు ముందర చూసినదానికి నాకింకా కోపం తగ్గలేదు. అర్జీ కాగితాలు కారియర్‌కు పెట్టుకొని ఒక పెద్దమనిషి సైకిల్ మీద వచ్చాడు. లోపల కార్లకు చోటుంది, మోటారు బండ్లకు గీతలు గీసిన చోటుంది. "సైకిల్ ఇక్కడ పెట్టద్దు పెద్దాయనా, బయట పెట్టుకోండ్రి" అన్నాడు కాపలా మనిషి. బయటంటే మోరీ గట్టు.

సైకిల్ ట్రాకు కావాలని ఈ కాలమ్‌లో నేను అడగని ఏడాది లేదు. 2017లో కరీంనగర్ స్మార్ట్ సిటీల జాబితాలో చేరినప్పుడు అడిగాను, 2023లో మానేరు మీద తీగల వంతెన తెరిచినప్పుడూ అడిగాను. అదే ఏడాది హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాకు వచ్చింది. వ్యాయామానికి చక్కటి చోటు. కొలువుకో కూరగాయలకో పోయే దారి మాత్రం కాదది.

జనం రోజూ సైకిల్ తొక్కిన ఊరంటే నాకు గోదావరిఖనే. మా పెద్దబాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. సెలవులకు పోతే షిఫ్టు మారే వేళకు క్వార్టర్ ముందు నిలబడి చూసేవాళ్ళం. రోడ్డు నిండా సైకిళ్ళే. హ్యాండిల్‌కు టిఫిన్ గిన్నె, చైనులో పడకుండా పైకి మడిచిన ప్యాంటు కాలు, రాత్రి షిఫ్టయితే డైనమో దీపాల వరస. అదే రోడ్డు మీద బొగ్గు లారీలూ తిరిగేవి. ట్రాకు మాటే లేదు. బాయి దగ్గర్లోనే ఉండేది, దారిలో పంక్చర్ షాపుండేది, బాయి గేటు పక్కన రేకుల షెడ్డు కింద సైకిల్ స్టాండు ఉండేది. షిఫ్టంతా భూమి లోపల పనిచేసి పైకొచ్చేసరికి పెద్దబాపు సైకిల్ పెట్టిన చోటే ఉండేది, సీటు ఎండకు కాలకుండా. ఆ భరోసా లేకపోతే ఎవరు తొక్కుతారు?

లారీల పక్కన తొక్కడం ప్రమాదమే, కాబట్టి ట్రాకు వద్దనను. దానికి భూమి కావాలి, టెండర్లు కావాలి, ఏళ్ళు పడుతుంది. స్టాండుకు 2 కార్ల జాగా చాలు. ఎండాకాలం 44 డిగ్రీలు దాటే ఆదిలాబాద్, కరీంనగర్‌లలో దానికి కప్పుండాలి, పక్కన గాలిపంపుండాలి. కొత్త భవనాల్లో పార్కింగ్‌కు ఎంత శాతం వదలాలో 2012 నాటి జీవో 168 చెబుతుంది. అందులో సైకిళ్ళ వాటా ఇంత అని పర్మిషన్ ఇచ్చేటప్పుడే రాయించాలి. టోకెన్లు, కాపలా మహిళా సంఘాలకు అప్పగించవచ్చు. ఆదిలాబాద్ రిమ్స్‌లో, కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆయమ్మలకు తెల్లారి దిగేటప్పటికి సైకిల్ భద్రంగా దొరకాలి. ముందు ఆ రెండు చోట్ల స్టాండ్లు కట్టించమని రెండు ఊళ్ళ మున్సిపల్ కమిషనర్లను అడుగుతున్నాను.