లెక్క తప్పని మనిషి

జోసెఫ్ టేలర్ పేరు చెబితే ఫిజిక్స్ వాళ్ళకు 1993 నోబెల్ బహుమతి గుర్తొస్తుంది. హామ్ రేడియో వాళ్ళకు ఆయన 'కె1జేటీ'. ఆ కాల్‌సైన్ వెనక ఉన్నది నోబెల్ గ్రహీత అని తెలియకుండానే ఆయన సాఫ్ట్‌వేర్ వాడుకునేవాళ్ళు కూడా ఉండే ఉంటారు. నన్నడిగితే ఈ రెండూ వేరువేరు పనులు కావు. హోరులో మునిగిపోయిన సన్నటి సంకేతాన్ని వెతికి పట్టుకోవడం, పట్టుకున్నాక ఏళ్ళ తరబడి జారవిడవకపోవడం. ఆయన జీవితమంతా చేసింది ఇదే.

టేలర్ 1941లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. న్యూజెర్సీలో డెలావేర్ నది పక్కన పొలంలో, క్వేకర్ క్రైస్తవుల ఇంట్లో పెరిగారు. సోదరుడు హాల్, ఆయన కలిసి ఇంటి మూడో అంతస్తు నిండా రేడియో పెట్టెలు పేర్చుకున్నారు. కప్పు మీద పెట్టిన తిరిగే యాంటెన్నా ఒకటి ఇటుకల పొగగొట్టాన్ని మొదలంటా కోసేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు బెంబేలెత్తిపోయారట. 1968లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ ముగిసే వేళకు ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి పల్సర్ల వార్త వచ్చింది. అంతకు ముందు సంవత్సరం జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని వాటిని కనిపెట్టింది. టేలర్ ఆలస్యం చేయకుండా గ్రీన్‌బ్యాంక్ టెలిస్కోపు దగ్గరకు పరుగెత్తి సహచరులతో కలిసి కొత్త పల్సర్ల వేట మొదలుపెట్టారు.

పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే నడిగుండె పల్సర్. సూర్యుడికి మించిన బరువు సుమారు ఇరవై కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న గోళంలో ఇమిడి ఉంటుంది. అది గిర్రున తిరుగుతూ రేడియో కిరణాన్ని విసురుతుంది. ఆ కిరణం మన వైపు తిరిగిన ప్రతిసారీ టెలిస్కోపులో ఒక్క 'టిక్' పడుతుంది.

చెప్పడానికి తేలికే కానీ ఆ టిక్కు నేరుగా వినబడదు. నక్షత్రాల మధ్య ఖాళీలో చెదిరి ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు వెనకబడతాయి, ఎక్కువ ఫ్రీక్వెన్సీవి ముందొస్తాయి. ఎంత వెనకబడతాయో ఒక్క ఉదాహరణ చూడండి. 1974లో టేలర్ విద్యార్థి రస్సెల్ హల్స్ ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుతో 430 మెగాహెర్ట్జ్ దగ్గర వెతుకుతున్నాడు. అతను వింటున్న పట్టీ వెడల్పు 8 మెగాహెర్ట్జ్ మాత్రమే. అయినా అతనికి దొరికిన ఒక పల్సర్ విషయంలో ఆ పట్టీ పై అంచుకూ కింది అంచుకూ మధ్య సెకనులో ఏడో వంతు ఎడం వచ్చింది. టిక్కుకూ టిక్కుకూ మధ్య వ్యవధే 0.059 సెకన్లు! అంటే పట్టీ మొత్తాన్ని కలిపి వింటే టిక్కులు ఒకదాని మీద ఒకటి పడి ఒట్టి గుయ్‌మన్న హోరే మిగులుతుంది. అందుకని పట్టీని 32 ముక్కలు చేసి, ఒక్కో ముక్కను తగినంత ముందుకు జరిపి, అప్పుడు కలపాలి. ఎంత జరపాలో ముందే తెలియదు కనుక రకరకాల ఎడాలతో ప్రయత్నించాలి. ఆ పైన రకరకాల వ్యవధులతో మడతపెట్టి చూడాలి. వ్యవధి సరిగ్గా కుదిరితే వందల టిక్కులు ఒకదాని మీద ఒకటి చేరి హోరులోంచి ఒక మొన పైకి లేస్తుంది. ఇదంతా 32కె మెమరీ ఉన్న మినీ కంప్యూటర్ మీద, ఇరవై మూడేళ్ళ కుర్రాడు రాసిన ప్రోగ్రాముతో జరిగింది.

జులై 2న ఆ మొన గీత దాటింది. అదీ బొటాబొటిగా. హల్స్ పెట్టుకున్న హద్దు 7.0 అయితే వచ్చింది 7.25. అప్పటికి తెలిసిన పల్సర్లలో క్రాబ్ తర్వాత వేగంగా తిరిగేది ఇదే. ఆగస్టులో మళ్ళీ కొలిస్తే వ్యవధి మారింది. ఒకే రోజు రెండు సార్లు కొలిస్తే రెండు అంకెలు. హల్స్ నమోదు కాగితం మీద ఒక అంకె రాయడం, కొట్టేయడం, ఇంకోటి రాయడం, అదీ కొట్టేయడం. ఆ కొట్టివేతల కాగితం ఇప్పుడు చరిత్రలో భాగం. తప్పు తన పరికరానిదేనని మొదట అనుకున్నాడు. అలా అనుకోకుండా వెంటనే గొప్ప సిద్ధాంతం అల్లేవాణ్ణి నేనైతే నమ్మను.

అరెసిబో పళ్ళెం నేలకు అమర్చి ఉండేది. ఆ పల్సర్ రోజుకు రెండు గంటలపాటే దాని చూపులో ఉండేది. హల్స్ రోజుకో వక్రరేఖ గీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఆకారం ఒకటే కానీ, రోజుకు ముప్పావు గంట చొప్పున ముందుకు జరుగుతోంది. పరికరం దోషం ఇంత క్రమంగా జరగదు. పల్సర్ కనిపించని జోడీ చుట్టూ తిరుగుతోంది. ఒక చుట్టుకు ఏడు గంటల నలభై అయిదు నిమిషాలు, మూడు చుట్లకు ఇరవై మూడుంపావు గంటలు. రోజుకు జరిగే ఆ ముప్పావు గంట లెక్క అదే. మన వైపు వస్తున్నప్పుడు టిక్కులు దగ్గరపడతాయి, దూరంగా పోతున్నప్పుడు విడిపోతాయి. కబురు అందగానే మసాచుసెట్స్ నుంచి టేలర్ కొత్త పరికరాలతో వచ్చి దిగారు.

ఇక్కడి నుంచి పని స్వభావం మారింది. వెతకడం అయిపోయింది, లెక్కపెట్టడం మొదలైంది. ఈ పల్సర్ సెకనుకు దాదాపు పదిహేడు సార్లు తిరుగుతుంది. ఏడాదికి యాభై మూడు కోట్ల చుట్లు. టెలిస్కోపు చూడని వేళల్లో జరిగినవాటితో సహా ఒక్క చుట్టు కూడా తప్పకూడదు. టిక్కు చేరిన సమయాన్ని అణు గడియారంతో నమోదు చేస్తారు. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల ఆ సమయం ఎనిమిది నిమిషాల దాకా ముందువెనకలవుతుంది కాబట్టి, సౌరకుటుంబపు గరిమనాభికి మార్చి రాసుకుంటారు. తర్వాతి టిక్కు ఎప్పుడు రావాలో ముందే అంచనా కడతారు. వచ్చిన దానికీ అంచనాకూ తేడా చూస్తారు. ఆ తేడాలోనే గురుత్వాకర్షణ సంగతులన్నీ ఉంటాయి.

మొదటి సంగతి కక్ష్య తిరగడం. బుధగ్రహం కక్ష్య శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు అదనంగా తిరుగుతోందన్న లెక్కే 1915లో ఐన్‌స్టీన్‌కు ధైర్యమిచ్చింది. ఇక్కడ కక్ష్య ఏడాదికి 4.2 డిగ్రీలు తిరుగుతోంది. అంటే ముప్పై అయిదు వేల రెట్లు. రెండోది, జోడీకి దగ్గరగా వచ్చినప్పుడు పల్సర్ గడియారమే నెమ్మదిస్తుంది. ఈ రెంటినీ కలిపితే నక్షత్రాల బరువులు తేలాయి. రెండూ సూర్యుడికి సుమారు 1.4 రెట్లు. ఇక చేతిలో మిగిలిన స్వేచ్ఛ ఏమీ లేదు. బరువులు తెలిశాక కక్ష్య ఎంత వేగంగా చిక్కిపోవాలో ఐన్‌స్టీన్ సమీకరణాలే చెప్పేస్తాయి. గురుత్వ తరంగాలు శక్తిని మోసుకుపోతుంటే చుట్టు కాలం ఏడాదికి 76 మైక్రోసెకన్లు తగ్గాలి.

అంత చిన్న తేడాను ఎలా పట్టుకున్నారంటే, నేరుగా పట్టుకోలేదు. రోజురోజుకూ వేగం పెంచుకుంటూ పోయే గోడ గడియారం ఇంట్లో ఉందనుకోండి. ఒక్క గంటలో తేడా తెలియదు. ఏళ్ళు గడిస్తే అది చూపించే సమయం ఊరి సమయాన్ని దాటిపోతుంది, అదీ గడిచిన కాలపు వర్గంతో పెరుగుతూ. పల్సర్ కక్ష్య విషయంలో నాలుగేళ్ళకు ఆ ముందడుగు ఒక సెకను కూడా లేదు. అయినా అది చాలింది. 1978 డిసెంబరులో మ్యూనిక్ సభలో టేలర్ ఫలితం ప్రకటించారు. ముప్పై ఏళ్ళకు తేడా నలభై సెకన్ల దరిదాపులకు చేరింది. జోయెల్ వైస్‌బర్గ్‌తో కలిసి టేలర్ గీసిన ఆ వంపు గీత మీద చుక్కలన్నీ సిద్ధాంతం చెప్పినచోటే కూర్చున్నాయి. లైగో వేధశాల 2015లో గురుత్వ తరంగాలను నేరుగా పట్టడానికి ముందు, అవి నిజమని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. సూర్యుడూ ఆ పల్సరూ పాలపుంతలో వేరువేరు దారుల్లో తిరుగుతున్నాయి. దానివల్ల కలిసే తేడాను తీసేయాలంటే పల్సర్ దూరం కచ్చితంగా తెలియాలి. గడియారం ఎంత మంచిదైనా అక్కడ ఆగిపోతుంది. 2003లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుతో దొరికిన జంట పల్సర్ మనకు చాలా దగ్గర. దాని మీద మైఖేల్ క్రేమర్ బృందం 2021లో వెలువరించిన పరీక్షలు హల్స్-టేలర్ కచ్చితత్వాన్ని దాటేశాయి.

ఈ పనికి దక్కిన 1993 నోబెల్ వేడుకకు టేలర్ జోసెలిన్ బెల్‌ను అతిథిగా పిలిచారు. 1974లో పల్సర్లకు ఇచ్చిన బహుమతిలో ఆమె పేరు లేదు. ఆ తప్పు ఆయనది కాదు, దిద్దే అధికారమూ ఆయనకు లేదు. ఆయన చేతిలో ఉన్నంతవరకు చేశారు.

తర్వాత పాత సరదా మళ్ళీ పిలిచింది. 2001లో టేలర్ 'డబ్ల్యుఎస్‌జేటీ' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. చంద్రుణ్ణి తాకి వెనక్కొచ్చే సంకేతాలను కూడా హోరులోంచి ఏరే సాధనం అది. 2017లో స్టీవెన్ ఫ్రాంకేతో కలిసి చేసిన 'ఎఫ్‌టీ8'లో సంభాషణ పదిహేను సెకన్ల వంతుల్లో సాగుతుంది. రెండు కొసల్లోని కంప్యూటర్ల గడియారాలూ సెకను లోపు తేడాతో కలిసి నడవాలి. సమయం తెలిస్తే చెవికి అందని సంకేతం కూడా చేతికి అందుతుందన్న పల్సర్ల పాఠమే ఇది.

ఈ విద్య మన దగ్గరా సాగుతోంది. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల పళ్ళేలు ముప్పై ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో ఇండియన్ పల్సర్ టైమింగ్ అరే బృందం ఏళ్ళుగా పల్సర్లను కొలుస్తోంది. మన ఐఐటీ హైదరాబాద్ వాళ్ళు ఇందులో ఉన్నారు. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఎలక్ట్రాన్ల ఆలస్యం బాగా బయటపడుతుంది కాబట్టి ఆ దిద్దుబాటుకు జీఎంఆర్‌టీ బాగా పనికొస్తుంది. 2023 జూన్‌లో ఐరోపా బృందంతో కలిసి వీళ్ళు విశ్వమంతటా పరచుకున్న గురుత్వ తరంగాల జాడను ప్రకటించారు. అమెరికా, ఆస్ట్రేలియా, చైనా బృందాలూ అదే సమయంలో అదే మాట చెప్పాయి.

బీఎస్సీలోనో ఇంజినీరింగ్‌లోనో ఉన్న మన పిల్లలకు ఒక మాట. పుణెలో కాలేజీ విద్యార్థుల కోసం రేడియో ఖగోళశాస్త్రం మీద శీతాకాలపు బడి నడుస్తుంది. టేలర్ సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దాని సోర్స్ కోడూ తెరిచే ఉంది. ముందు దాన్ని దించుకుని, హోరులోంచి ఒక్క సంకేతం ఏరి చూడండి. ఆ తర్వాత పుణెకు దరఖాస్తు పెట్టండి.